మొదటి ముద్ద ఫోనుకే

భోజనం ముందుకొచ్చాక, చెయ్యి పెట్టేలోపు దానికి ఫొటో తీసుకునే అలవాటుకి చైనాలో ఒక పేరే ఉంది. ‘షౌజీ సియెన్ ఛి’ అంటారు. ఫోను ముందు తింటుంది అని దాని అర్థం. హాంకాంగ్‌లో కాంటనీస్ మాట్లాడేవాళ్ళు ఫోను బదులు కెమెరా అంటారు. మాట ఏదైనా సంగతి ఒకటే. పొగలు కక్కే పళ్ళెం బల్ల మీదికి రాగానే ఎవరో ఒకరు ‘ఆగండాగండి’ అంటారు. చేతిలోకి తీసుకున్న పుల్లలు మళ్ళీ కిందికి దిగుతాయి. ఒకరు నిలబడి పైనుంచి తీస్తారు, ఇంకొకరు గిన్నెను వెలుతురు వైపు జరుపుతారు. ఫోన్లు పక్కన పెట్టాకే తినడం మొదలవుతుంది. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వైపు పెళ్ళి భోజనాల్లోనూ ఇవాళ ఇదే వరస. విస్తట్లో బూరె పడి, పప్పు మీద నెయ్యి పడ్డాక, కలపబోయే కుడిచెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, ఎడమచెయ్యి జేబులోకి వెళ్తుంది.

రెండుచోట్లా అలవాటు ఒక్కలాగే కనిపిస్తుంది గానీ అది మొలిచిన నేలలు వేరు. చైనాలో దాని వేళ్ళు భోజనాల బల్ల దగ్గరే ఉన్నాయి.

చైనా విందులో కూర ఎవరికి వారికి విడిగా వడ్డించరు. అన్నం గిన్నె మాత్రమే ఎవరిది వారిది. కూరలన్నీ బల్ల నడుమ ఉంటాయి. పెద్ద విందుల్లో గుండ్రటి బల్ల, దాని మీద చేత్తో తిప్పితే తిరిగే మరో పలక. ఎవరికి కావలసింది వాళ్ళు పుల్లలతో అందుకుంటారు. తరగడం, కొట్టడం, ముక్కలు చేయడం అంతా వంటింట్లోనే అయిపోతుంది కాబట్టి బల్ల మీద కత్తి ఉండదు. వంటకం తన నిండు రూపంతో బల్లకెక్కుతుంది. చేపను తలా తోకా ఉన్నట్టే వండి తెస్తారు. తల ముఖ్య అతిథి వైపు ఉండేలా పెట్టడం మర్యాద. మొదటి పుల్ల తగలగానే ఆ రూపం చెదురుతుంది, కాసేపటికి ముళ్ళే మిగులుతాయి. ఫొటో అంటూ తీస్తే ఆ మొదటి పుల్ల పడకముందే తీయాలి. తెలుగువాళ్ళ బంతిలో ఒకరు తన విస్తరికి ఫొటో తీసుకుంటే పక్కవాళ్ళకి దానితో పని లేదు. చైనా బల్ల దగ్గర ఒకరి ఫొటో కోసం పదిమందీ ఆగాలి. అలా అందరూ ఆగవలసిన పని కాబట్టే అక్కడ దానికి ఒక పేరు పుట్టింది, ఒక పద్ధతి ఏర్పడింది.

అయితే ఆ బల్ల దగ్గర ఆగడం కొత్తేమీ కాదు. పెద్దవాళ్ళు పుల్లలు ఎత్తేదాకా చిన్నవాళ్ళు వంటకం ముట్టకూడదు. అతిథి రుచి చూడందే ఇంటివాళ్ళు మొదలుపెట్టరు. కొత్త సంవత్సరం ముందురోజు రాత్రి భోజనానికి చాలా ఇళ్ళలో వండినవన్నీ ముందుగా పితృదేవతల ముందు పెట్టి, ధూపం వేసి, వాళ్ళు తృప్తిపడ్డారనుకున్నాకే దించి తింటారు. వంట పూర్తవడానికీ తినడానికీ నడుమ చిన్న ఖాళీ ఎప్పుడూ ఉంది. ఆ ఖాళీలో వంటకాన్ని చూడటం తప్ప చేసేదేమీ లేదు. ఫోను వచ్చి సరిగ్గా ఆ ఖాళీలోనే కూర్చుంది. ముందు తినే హక్కు పితృదేవతలది, పెద్దలది, అతిథిది అయిన చోట, ఫోను ముందు తింటుంది అనే మాట పుట్టడంలో వింత లేదు. వరస పాతదే, అందులో కొత్తగా చేరింది ఫోను.

తెలుగిళ్ళలోనూ ఈ ఖాళీ ఉంది. నైవేద్యం పెట్టందే వండినావిడ ఉప్పు కూడా చూడదు. తద్దినం నాడు కాకి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ వాకిట్లో నిలబడి ఎదురుచూస్తారు. బంతిలో అందరికీ వడ్డన పూర్తయ్యేదాకా ఎవరూ చెయ్యి పెట్టరు. ఔపోశన పట్టే ఇళ్ళలో విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పాకే ముద్ద కలుపుతారు. అన్నం ముందు ఒక్క క్షణం ఊరికే కూర్చోవడం రెండు జాతులకీ తెలిసిన పనే.

చైనా వాళ్ళు వంటకు పెట్టే మార్కుల్లో చూపుకి మొదటినుంచీ వాటా ఉంది. మంచి వంటకానికి మూడు గుణాలు చెబుతారు: రంగు, వాసన, రుచి. ఈ వరసలో రంగే ముందు. పచ్చటి ఆకుకూర పచ్చగానే ఉండాలి, ఎర్రగా వేగిన మాంసం నిగనిగలాడాలి, తెల్లటి చేప మీద ఉల్లికాడలు, అల్లం సన్నటి దారాల్లా పడాలి. కెమెరాకి అందేది ఈ మూడింటిలో మొదటిదొక్కటే. మిగతా రెండూ తినేవాళ్ళకే దక్కుతాయి.

చూపుకి వాటా ఉన్నచోటే దాని మీద తగవూ ఉంది. ఫొటో అనేదే లేని రోజుల్లో, 18వ శతాబ్దంలో, నాన్జింగ్ నగరంలో యువాన్ మేయ్ అనే కవి ఉండేవాడు. భోజనప్రియుడు. ఇతరుల ఇళ్ళలో తిన్నది నచ్చితే తన వంటవాణ్ణి పంపి నేర్పించి, ఆ వివరాలన్నీ రాసిపెట్టుకునేవాడు. అలా తయారైన ఆయన వంటల పుస్తకం 1792లో వెలువడింది. చైనా వంట గురించి రాసేవాళ్ళు ఇవాళ్టికీ దాన్ని తిరగేస్తారు. అందులో చేయకూడని పనుల జాబితా ఒకటి ఉంది. వాటిలో ఒకటి కంటితో తినడం. బల్ల నిండా పళ్ళేలు పేర్చి, గిన్నె మీద గిన్నె పెట్టి గొప్ప చూపించడాన్ని ఆయన అలా పిలిచాడు. దానికి సొంత అనుభవం ఒకటి చెప్పాడు. ఒక వర్తకుడి ఇంట్లో విందు. బల్ల మూడుసార్లు మార్చారు, పిండివంటలే పదహారు, అన్నీ కలిపి నలభై పైచిలుకు రకాలు. ఇంటాయన ముఖం సంబరంతో వెలిగిపోతోంది. యువాన్ మేయ్ ఇంటికి తిరిగొచ్చి, ఆకలి తీరక గంజి కాచుకుని తాగాడు.

అదే జాబితాలో ఆలస్యం గురించీ హెచ్చరిక ఉంది. వంటకం రుచి పొయ్యి మీంచి దిగిన ఆ కాసేపే ఉంటుందని, అప్పుడు తినకపోతే వండిన శ్రమంతా వృథా అని ఆయన మాట. ఇది ఇవాళ ఫోను పట్టుకుని నిలబడ్డవాళ్ళకి సూటిగా తగిలే మాట. పెనం మీంచి దిగిన పెసరట్టు రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది. గారె కరకర కాసేపే. కాంటనీస్ వంటవాళ్ళు మండే బాణలిలోంచి వచ్చే ఆవిరి ఘాటుకి ‘వోక్ హేయ్’ అని పేరు పెట్టుకున్నారు, బాణలి ఊపిరి అని. పళ్ళెం బల్లకెక్కిన కాసేపటికే ఆ ఊపిరి ఆగిపోతుంది.

బల్ల నిండుగా కనబడటం మీద చైనా వాళ్ళకున్న మోజుకి మరో కారణం కూడా ఉంది. అది ఆకలి జ్ఞాపకం. 1955 నుంచి 1993 దాకా అక్కడ పట్టణాల్లో ధాన్యం కొనాలంటే డబ్బుతోపాటు ప్రభుత్వం ఇచ్చే కూపన్లు ఉండాలి. ఆ నడుమ 1959 నుంచి 1961 దాకా ఘోరమైన కరువు వచ్చి కోట్లమంది చనిపోయారు. కలిసినప్పుడు ‘తిన్నావా?’ అని పలకరించుకోవడం అక్కడ మామూలు. కూపన్లు చించి ఇచ్చి బియ్యం తెచ్చుకున్న తల్లిదండ్రులకి, పన్నెండు రకాలతో నిండిన పండగ బల్ల ఫొటో వట్టి ఆర్భాటంలా కనిపించదు. ఇల్లు గట్టెక్కిందన్న కబురులా కనిపిస్తుంది. ఈ కారణాన్ని వదిలేసి, ఆ అలవాటు మీద నవ్వడం సులువే గానీ న్యాయం మాత్రం కాదు.

ఇక సాధనాల సంగతి. కెమెరా ఉన్న ఫోన్లు 2000 నాటికే జపాన్ బజారులోకి వచ్చాయి. చైనాలో వీచాట్ 2011లో మొదలైంది. మరుసటి ఏడు అందులో స్నేహితులందరికీ ఫొటోలు చూపించే అర తెరుచుకుంది. అంతకుముందే, 2003లోనే, షాంఘైలో డియాన్‌పింగ్ అనే సంస్థ హోటళ్ళ మీద జనం తమ అభిప్రాయాలు రాసుకునే వేదిక పెట్టింది. 2013లో అదే ఊళ్ళో షియావోహోంగ్‌షు వచ్చింది, చిన్న ఎర్రపుస్తకం అని దాని పేరు. కొత్త ఊరికెళ్ళిన చైనా కుర్రాడు ఎక్కడ తినాలో ఇందులోని ఫొటోలు చూసే తేల్చుకుంటాడు. తిన్నాక తన ఫొటో తనూ పెడతాడు. దీనికి వాళ్ళు వాడే మాట ‘డాకా’. ఆఫీసుకి రాగానే హాజరు కార్డు గుద్దడాన్ని ఆ మాటతో పిలిచేవారు. పేరున్న హోటల్లో, పేరున్న వంటకం ముందు హాజరు వేయించుకోవడమన్నమాట.

హోటళ్ళవాళ్ళు దీన్ని ఇట్టే పట్టేశారు. ఫొటో పెట్టినవాళ్ళకి ఓ పళ్ళెం ఉచితం అని బోర్డు పెట్టారు. బల్లల మీద దీపాలు మార్చారు. తెల్లటి పొగ గిన్నె చుట్టూ పాకేలా ఏర్పాట్లు చేశారు. పెద్ద పెట్టుబడి లేని ఊళ్ళకి కూడా ఇది కలిసొచ్చిన సందర్భాలున్నాయి. షాన్‌డాంగ్ రాష్ట్రంలో జిబో అనే పారిశ్రామిక నగరం ఉంది. 2023 వసంతంలో అక్కడి కాల్చిన మాంసం దేశమంతటా పేరు మోసింది. బల్ల మీద చిన్న కుంపటి, పల్చటి రొట్టె, ఒక ఉల్లికాడ. ఇంతే సామగ్రి. ఫొటోలు, వీడియోలు చూసి జనం రైళ్ళెక్కి వచ్చిపడ్డారు.

తెలుగునాట కథ వేరే దారిలో నడిచింది. ఇక్కడ అన్నం చూపించుకునే వస్తువు కాదు, చూపుల్నుంచి కాపాడుకునే వస్తువు. తినేవాళ్ళ నోటివైపు చూడకూడదని పిల్లలకి నేర్పుతారు. చూసినవాళ్ళకి ఓ ముద్ద పెట్టకుండా తింటే దిష్టి తగులుతుందంటారు. పసిబిడ్డకి అన్నం పెట్టేటప్పుడు తల్లి తలుపు ఓరగా వేస్తుంది. బిడ్డ ఆ పూట కక్కుకుంటే ఎవరి కళ్ళు పడ్డాయో లెక్కవేసి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తుంది. ఇంత జాగ్రత్త వెనక ఉన్నది కేవలం భయం కాదు. పక్కింట్లో పొయ్యి రాజని రోజున మనింట్లో విందు నలుగురి కంటా పడటం మంచిది కాదన్న ఇంగితం కూడా అందులో ఉంది. అలాంటి ఇళ్ళలోని పిల్లలే ఇవాళ తమ విస్తరిని వందలమందికి చూపిస్తున్నారు. ఒక తరంలో ఇంత మార్పు చిన్నది కాదు.

అలాగని తెలుగువాళ్ళు భోజనాన్ని బొమ్మ కట్టలేదని కాదు. బొమ్మ మాటల్లో కట్టారు. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు అతిథులకి పెట్టే భోజనాన్ని ఋతువుకొక తీరుగా వర్ణించాడు. చలికాలంలో మిరియప్పొడి తగిలించిన కూరలు, ముక్కుకెక్కే ఆవపచ్చళ్ళు. ఎండాకాలంలో గోరువెచ్చటి అన్నం, మజ్జిగపులుసు, చెరకురసం, లేత కొబ్బరినీళ్ళు. చదువుతుంటే విస్తరి కళ్ళకి కడుతుంది. ఆ తర్వాత తెర మీద విందు చూపించింది 1957 నాటి ‘మాయాబజార్’. ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు కూర్చుని ఉంటే లడ్లు వాటంతటవే నోట్లోకి ఎగిరిపోవడం, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే పనితనం. తెలుగువాళ్ళ మనసులో భోజనానికి ఒక బొమ్మంటూ ఉంటే అది అదే.

ఇళ్ళలోని ఫొటోలు మాత్రం ఇలా ఉండేవి కావు. ఉత్తరాంధ్రలో పాత పెళ్ళి ఆల్బమ్ ఏది తెరిచినా ‘బంతి’ ఫొటో ఒకటైనా ఉంటుంది. పందిరి కింద చాపలు, రెండు వరసల్లో జనం, నడుమ బకెట్లు పట్టుకుని వడ్డించేవాళ్ళు. వీడియో లైటు ముఖాన పడగానే ముద్ద చేతిలోనే ఆగిపోయినవాళ్ళు కొందరు, పమిట సర్దుకుంటున్నవాళ్ళు కొందరు, తలొంచుకుని తింటూనే ఉన్న ముసలాయన ఒకాయన. విస్తట్లో ఏముందో ఆ ఫొటోలో తెలీదు. ముప్పై ఆరు ఫొటోలు మాత్రమే పడే రీలులో ఒకటి ఖర్చుచేశారంటే అది ఎవరొచ్చారో గుర్తుండటానికి. ఏం వండారో గుర్తుపెట్టుకోవలసిన బాధ్యత నాలుకది. ఫోను ఈ కోణాన్ని తిప్పేసింది. కెమెరా మనుషుల ముఖాల మీంచి దిగి విస్తరి మీద వాలింది.

ఆ విస్తరి అందంగా ఉంటుందనడంలో సందేహం లేదు. కొస ఎడమవైపు ఉండేలా పరిచిన అరిటాకు. పైవరసలో ఉప్పు, పచ్చడి, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, పసుపుపచ్చటి పులిహోర, పూర్ణం కనబడకుండా ఉబ్బిన బూరె. కింద తెల్లటి అన్నం, దాని నడుమ గుంటలో పప్పు, పప్పు మీద నెయ్యి. ఒక పక్క దొప్పలో దప్పళం. ఆకు చదునుగా నేల మీద ఉంటుంది కాబట్టి పైనుంచి తీస్తే అన్నీ పడతాయి. ఫొటోకి ఇంతకన్నా అనువైన పళ్ళెం దొరకదు. కానీ ఈ విస్తరికీ చైనా బల్లకీ ఒక తేడా ఉంది. వడ్డన ఒక్కసారిగా జరగదు. బూరె ఒకరు తెస్తారు, పప్పు ఇంకొకరు తెస్తారు, నెయ్యి చివర్న వస్తుంది. విస్తరి నిండుగా కనిపించేది నెయ్యి పడ్డాక, చెయ్యి పడకముందు. ఆ తర్వాత చారు, పెరుగు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి గానీ వాటికి ఎవరూ ఫొటో తీయరు. చేతికి అన్నం అంటుకుని ఉంటుంది.

గోదావరి జిల్లాల్లో కొత్తల్లుళ్ళ సంక్రాంతి విందు ఈ ఫొటోల వల్లే దేశమంతా తెలిసింది. 2022 జనవరిలో పశ్చిమగోదావరి జిల్లా నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించింది. రోజుకొకటి చొప్పున ఏడాదికి లెక్కన్నమాట. బల్లల మీద బారులు తీరిన గిన్నెల ఫొటో జాతీయ పత్రికల్లో కూడా వచ్చింది. ఆ తర్వాత ఏటా సంక్రాంతికి లెక్క చెప్పుకునే పోటీ మొదలైంది. అల్లుడికి మర్యాద చేయడం ఆ ప్రాంతం సంస్కృతి, అందులో తప్పుపట్టేదేమీ లేదు. కానీ 365 రకాలు ఒక మనిషి కూర్చుని తినేవి కావు. అవి చూడటానికి పెట్టినవి. యువాన్ మేయ్ కంటితో తినడమన్నది దీన్నే. ఈ పోటీ వల్ల పేదింటి ఆడపిల్ల తండ్రి మీద పడే బరువు సంగతి ఆ ఫొటోల కింద ఎవరూ రాయరు.

ఇదే ఫోను వల్ల మేలు జరిగినవాళ్ళూ ఉన్నారు. గుంటూరు జిల్లాలో వందేళ్ళు దాటిన మస్తానమ్మ పొలంగట్టున కట్టెలపొయ్యి మీద వండితే, ఆమె మునిమనవడు తీసిన వీడియోలు 2016 నుంచి లక్షలమంది చూశారు. పుచ్చకాయ డొల్లలో ఆమె వండిన కోడికూర ఖండాలు దాటింది. 2018 డిసెంబరులో ఆమె చనిపోయినప్పుడు విదేశీ పత్రికలు కూడా రాశాయి. హైదరాబాదు మాదాపూర్‌లో రోడ్డుపక్కన భోజనం పెట్టే కుమారి ఆంటీ దుకాణం 2024 జనవరిలో ఈ వీడియోల వల్లే ఊరంతా తెలిసింది. జనం ఎగబడి ట్రాఫిక్ ఆగిపోయి, బండి తీసేయమన్నదాకా వెళ్ళింది. చివరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుని దుకాణం అక్కడే ఉండనిచ్చారు. ఫొటో పెట్టే పేరూ, తెచ్చే ఇబ్బందీ రెండూ ఆ ఒక్క వారంలోనే ఆమె చూసింది.

పాతపట్నం వైపు మరో రకం ఫొటో కనిపిస్తుంది. ఈ ఊరు సరిగ్గా ఒడిశా గట్టు మీద ఉంది. పక్కనే పర్లాకిమిడి, 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు అటు వెళ్ళిన పట్నం. మహేంద్రతనయ నది రెండు ఊళ్ళనీ తడుపుతూ పోతుంది. సంతలు, సంబంధాలు, తిండి రెండువైపులా కలిసే ఉంటాయి. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి పొద్దున్నే తినేదాన్ని ఇటు చద్దన్నం అంటారు, ఆ పులిసిన నీటిని తరవాణి అంటారు. అటువైపు అదే పఖాళ. ఒడియావాళ్ళు ఏటా మార్చి 20న పఖాళ దినం జరుపుకుంటారు. ఆ రోజు ప్రపంచంలో ఎక్కడున్నా సరే పఖాళ తిని, ఆ గిన్నె ఫొటో పెట్టడం ఆనవాయితీ అయింది. నీళ్ళన్నం, పక్కన వేయించిన చేప, బడీచూర అనే వడియాల పొడి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. సామాజిక మాధ్యమాలు పెంచి పెద్దచేసిన పండగ ఇది.

ఈ ఫొటోల విలువ వేరు. చద్దన్నం, చోడి అంబలి ఉత్తరాంధ్రలో చాలాకాలం బయటికి చెప్పుకోని తిండి. పొలం పనికి పోయేవాళ్ళు, పశువుల వెంట తిరిగేవాళ్ళు తాగేది. చుట్టం వస్తే అంబలి కుండ పక్కకి జరిపేసేవారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక చోళ్ళు రాగులన్న పేరుతో పెద్ద హోటళ్ళకి ఎక్కాయి. దాచుకున్న గిన్నెను నలుగురికీ చూపించగలగడం ఒక రకంగా గౌరవం తిరిగి రావడమే. 365 గిన్నెల ఫొటో కన్నా ఒక్క ముంతడు అంబలి ఫొటో ఎక్కువ చెబుతుంది.

చైనా తిండి కూడా ఈ చిన్న ఊళ్ళకి వచ్చింది గానీ తన ముఖంతో రాలేదు. సాయంత్రమయ్యేసరికి బస్టాండు పక్కన మంటలు లేపే ఫాస్ట్‌ఫుడ్ బండి మీద దొరికే మంచూరియా చైనాలో లేదు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో దాన్ని తయారుచేశాడని చెబుతారు. గోబీతో చేసేది తర్వాత వచ్చింది. ఆ బండి దగ్గర ప్లాస్టిక్ ప్లేటు పట్టుకుని ఫొటో తీసుకునే కుర్రాళ్ళకి చైనావాళ్ళ ‘షౌజీ సియెన్ ఛి’ గురించి తెలిసి ఉండదు. పని మాత్రం అదే.

ఈ అలవాటు అసలు బలం వలస బతుకుల్లో కనిపిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి హైదరాబాదు, చెన్నై, బెంగళూరు భవనాల పనులకి, గుజరాతు రేవుల్లో వేటకి, గల్ఫ్ దేశాలకి ఏళ్ళ తరబడి జనం వెళ్తూనే ఉన్నారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఈ ఇళ్ళన్నిట్లోనూ ఫొటోలు అటూ ఇటూ తిరగడం మొదలైంది. ఇంట్లో తల్లి అడిగేది ఒక్కటే: ‘ఏటి తిన్నావురా?’ కొడుకు చెప్పే జవాబు ఆమె నమ్మదు. రేకుల షెడ్డులో స్టీలు పళ్ళెం, అన్నం, గుడ్డుకూర. ఫొటో వచ్చాక నమ్ముతుంది. అన్నం తక్కువ పెట్టుకున్నాడని ఫొటో చూసే కనిపెట్టి మళ్ళీ తిడుతుంది. కొడుక్కి కూడా పండగనాడు ఇంటినుంచి ఫొటో వస్తుంది, తాను లేని విస్తళ్ళ వరస. చైనాలో పల్లెలు వదిలి ఫ్యాక్టరీ నగరాలకి వెళ్ళిన కోట్లమంది కూడా ఇలాగే పంపుకుంటారు. కొత్త సంవత్సరం రాత్రి ఇంటికి రైలు దొరకనివాళ్ళకి ఆ బల్ల ఫొటోలోనే అందుతుంది. ‘తిన్నావా?’ అన్న పలకరింపు రెండు భాషల్లోనూ ఒకటే, జవాబు పంపే తీరూ ఒకటే అయింది. భోజనం ఫొటోకి ఇంతకన్నా మంచి ఉపయోగం మరొకటి లేదు.

ఫొటో తీస్తే రుచి పెరుగుతుందా తగ్గుతుందా అన్నదాని మీద పరిశోధనలూ జరిగాయి. తినేముందు చిన్న తంతు ఏదైనా చేస్తే, అంటే ఫలానా వరసలో పొట్లం విప్పి తింటే, చాక్లెట్ మరింత రుచిగా అనిపించిందని 2013లో అమెరికా పరిశోధకులు తేల్చారు. ఔపోశన పట్టేవాళ్ళకి ఇది పాత సంగతే. 2016లో వెలువడిన మరో పరిశోధన, తొమ్మిది ప్రయోగాల సారం, ఫొటోలు తీసుకునేవాళ్ళు ఎదుట ఉన్నదాంట్లో ఎక్కువ లీనమై ఆనందిస్తారని చెప్పింది. దానికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. ఉప్పటి తినుబండారాల బొమ్మలు పదులకొద్దీ చూసినవాళ్ళకి ఆ తర్వాత తిన్న వేరుసెనగలు అంత రుచించలేదు. ఒక ఫొటో తీసి తినడం వేరు, గంటసేపు ఇతరుల పళ్ళేలు చూస్తూ పడుకోవడం వేరు.

చూపుల తిండి మీద చైనా ప్రభుత్వం కూడా కన్నేసింది. ఫోను ముందు కూర్చుని గంపలకొద్దీ తింటూ సొమ్ము చేసుకునే వీడియోలని నిషేధిస్తూ, లక్ష యువాన్ల దాకా జరిమానా వేసే చట్టం 2021 ఏప్రిల్ 29న చేసింది. విందులో అంతా ముగిశాక కూడా పళ్ళెంలో ఎంతో కొంత మిగలాలి, లేకపోతే ఇంటాయన సరిగా పెట్టలేదనుకుంటారు అన్న పాత మర్యాద వల్ల అక్కడ హోటళ్ళలో పారబోత విపరీతంగా ఉండేది. చట్టానికి ఎనిమిదేళ్ళ ముందే, 2013 జనవరిలో, బీజింగ్‌లో కొందరు మామూలు జనం ఆ పారబోత మీద ఒక ఉద్యమం లేవదీశారు. దాని పేరు ‘గ్వాంగ్‌పాన్’, ఖాళీ పళ్ళెం. హోటల్లో తిన్నాక, మెతుకు మిగలని తమ పళ్ళేనికి ఫొటో తీసి పెట్టమన్నారు. లక్షలమంది పెట్టారు. భోజనం ఫొటోల దేశంలో పళ్ళెంలో ఏమీ లేని ఫొటోకి అంత ఆదరణ వచ్చింది.

తెలుగు బంతిలో ఆ ఫొటోకి వేళ ఉంది. పెరుగన్నం అయ్యాక, విస్తరి మడిచే ముందు.